పండిన పంట ఎవరి ఇంటికి?

చిన్న వ్యాపారములు, కృత్రిమ మేధ: పెద్దవంగరలో చేసిన చాకలి ఐలమ్మ స్మారకోపన్యాస పాఠము



1895వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన నేటి రాయపర్తి మండలములోని కృష్ణాపురమున జన్మించి, పాలకుర్తి కోడలై వచ్చి, కులవృత్తితోపాటు కౌలుసేద్యమును గూడ చేపట్టి, మల్లంపల్లివారి భూమిలో తన కుటుంబము చెమటోడ్చి పండించిన పంటను విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి మనుషులు కోసికొని పోవచ్చినప్పుడు, ఆంధ్ర మహాసభ కార్యకర్తల అండతో ఆ ధాన్యమును తన ఇంటికే చేర్చుకొన్న స్త్రీమూర్తి చాకలి ఐలమ్మగ పేరొందిన చిట్యాల ఐలమ్మగారు. ఆనాడు ఆమెకు తోడుగా నిలిచినవారిలో భీమిరెడ్డి నరసింహారెడ్డిగారి వంటి యువకులుండిరి. ఇల్లు పోయినను, కుటుంబము చెల్లాచెదరైనను వెనుదీయక, 1985 సెప్టెంబరు 10న తుదిశ్వాస విడుచువరకు పాలకుర్తి గడ్డమీదనే ఆమె బ్రదికినారు. ఇక్కడికి సమీపముననే అట్టి జీవితము గడచినదని తలచుకొనినప్పుడు, ఆమె పేర నాలుగు మాటలు చెప్పుటకు నిలుచున్న నాకు కాళ్ళు వణకుచున్నవనుట అతిశయోక్తి కాదు.

ఆమె స్మృతిసభలో కృత్రిమ మేధను గూర్చియు, చిల్లర వర్తకమును గూర్చియు ప్రసంగించుటలో ఔచిత్యమేమని ఎవరికైన తోచినచో, వారి సందేహము గౌరవింపదగినదే. ప్రాణములకు తెగించి సాగించిన పోరాటమును వ్యాపార చాతుర్యమునకు దృష్టాంతముగా దింపుట నా అభిమతము కాదు. అయితే ఆమె జీవితము మన యెదుట నిలిపిన ప్రశ్న ఒకటి కలదు. కష్టము ఒకరిది కాగా ఫలము మరియొకరి గాదెలోనికి ఏల పోవలెను? భూమి విషయమున మన పెద్దలు ఆ ప్రశ్నను అడిగి, రక్తము ధారవోసి, సమాధానము రాబట్టుకొనిరి. గిర్నీలో, మగ్గపు గుంటలో, కుట్టుమిషను ముందర, ఇంటి వంటగదిలో యేండ్ల తరబడి చేసిన పనివలన పుట్టిన తెలివి విషయమున ఆ ప్రశ్నను అడుగవలసిన కాలము ఇప్పుడు వచ్చినది. నా ఉపన్యాసమంతయు ఆ ఒక్క ప్రశ్న చుట్టును తిరుగును.

పెద్దవంగర 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణము జరిగినప్పుడు మండలకేంద్రమై మహబూబాబాదు జిల్లాలో చేరినది. పడమటి దిక్కున జనగామ, ఈశాన్యమున దూరముగ భూపాలపల్లి, నడుమ మనము. ముగ్గురమును ఒకనాటి వరంగల్లు జిల్లా బిడ్డలమే. మన వైపు వరి, పత్తి, మిరప. జనగామ వైపు పెంబర్తి ఇత్తడిపని, కొడకండ్ల చేనేత. భూపాలపల్లి వైపు సింగరేణి కార్మికుల జీతపు దినమును బట్టి గిరాకి పెరుగుచు తరుగుచునుండు హోటళ్ళు, కిరాణా కొట్లు. ప్రభుత్వపు లెక్కలో 2025 ఏప్రిల్ 1 నుండి యంత్రసామగ్రిపై పెట్టుబడి రెండున్నర కోట్లకును, సాలుసరి టర్నోవరు 10 కోట్లకును మించనిది సూక్ష్మ సంస్థ. మన బజారులోని కొట్లు దాదాపు అన్నియు ఆ గీతకు ఎంతో దిగువన, గీత ఉన్నదను సంగతియే ఎరుగక, గల్లాపెట్టె మీద చేయివేసి కూర్చున్నవి. ఇట్టి కొట్టునకు కృత్రిమ మేధతో పని యేమి అని నవ్వి ఊరకుండుట తేలిక. కాని ఆ కొట్టు యజమాని కుమారుని చేతిలోని సెల్‌ఫోనులో ఆ మేధ ఇదివరకే వచ్చి కూర్చున్నది. వాట్సాప్ తెరచినచో అందులోనే పలుకరించుచున్నది. రావలెనా వద్దా అను చర్చకు గడువు తీరినది గనుక, దానిని ఎట్లు వాడుకొనవలెనను చర్చయే మనకు మిగిలినది.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనసామాన్యమునకు అందుబాటులోనికి వచ్చిన పిమ్మట ఈ విద్య లోకమంతట ప్రాకినది. దాని లోపలి పద్ధతిని క్లుప్తముగ చెప్పెదను. అపారమైన వ్రాతను చదివించి, ఒక మాట తరువాత ఏ మాట రాదగునో అంచనా కట్టుటయందు యంత్రమునకు అభ్యాసము గరపుదురు. ఆ అంచనాబలముచేతనే అది ఉత్తరము వ్రాయును, లెక్కను వివరించును, పద్యమును గూడ అల్లును. పెక్కుమంది పెక్కుసార్లు వ్రాసిన దానిని అది బాగుగ ఎరుగును. ఒక్కరికే తెలిసి, ఎన్నడును కాగితమునకెక్కని దానిని అది ఎరుగదు. ఎరుగనప్పుడు మౌనము వహించుట దానికి అలవాటు లేదు. నమ్మదగిన స్వరముతో ఏదో ఒకటి చెప్పును. ఈ రెండు లక్షణములను మనస్సున నిలుపుకొన్న వర్తకునికి తక్కిన జ్ఞానమంతయు అనుభవముచేతనే అబ్బును.

మొదటి లక్షణము నుండి పుట్టు ఫలితమును మనము ఇప్పటికే కన్నులార చూచుచున్నాము. బతుకమ్మ పండుగ వచ్చినచో బట్టల కొట్ల స్టేటస్‌లు, ఫ్లెక్సీలు చూడుడు. ‘మీ నమ్మకమే మా బలం’, ‘నాణ్యతకు మరో పేరు’, ‘సంప్రదాయం, ఆధునికతల మేళవింపు’ అను మాటలు తొర్రూరులోను, జనగామలోను, భూపాలపల్లిలోను ఒక్కటే వరుసలో వెలుగుచుండును. అడిగిన ప్రతివానికి యంత్రము అదే వాగ్ధాటిని ఉచితముగ దానము చేయుచున్నది. అందరికిని సమానముగ లభించినది ఎవ్వరిని ప్రత్యేకముగ నిలుపజాలదు. కనుక నలుగురిలో తానొకడుగ గుర్తింపు పొందగోరు చిన్న వ్యాపారి యంత్రమును అడిగి తెచ్చుకొన్న మాటలవలన గుర్తింపబడడు. యంత్రమునకు తాను చెప్పగలిగిన మాటలవలననే గుర్తింపబడును.

ఇది ఎట్లో కారపు గిర్నీ ముందర నిలుచుండి చూతము. మాఘ ఫాల్గునములలో కొత్త మిరప కల్లముల నుండి దిగి, వరంగల్లు ఎనుమాముల మార్కెట్టుకు బస్తాలు సాగుచుండగా, మన ఇండ్లలో ఏడాది కారమునకు ఏర్పాట్లు మొదలగును. గిర్నీ నడుపు అక్క వద్దకు ఒక ఇల్లాలు మిరపకాయలు తెచ్చి పోసినప్పుడు, ఆ అక్క మొదట చేయి లోపలికంట దూర్చి, అడుగునున్న కాయను తీసి, వంచి చూచును. ఫెళ్ళున విరిగినచో ఎండినది. సాగినట్లు వంగినచో తేమ కలదు, మరునాడు ఎండబోసి తెమ్మనును. తాలుకాయలు ఎన్ని కలిసినవో రంగు చూచి పట్టును. తొడిమలు తీసినవా, గింజ రాలినదా అని చూచును. ఆ పైని అడుగు ప్రశ్న అసలైనది: ఆవకాయకా, కూరకా? తేజ రకమునకు ఘాటు మెండు. చపాటా రకమునకు ఘాటు తక్కువ, ఎరుపు నిండు. పచ్చడి ఏడాది పొడవున ఎర్రగా నిలువవలెనన్న ఏ పాళ్ళలో కలుపవలెనో ఆమెకు తెలియును. మర వేడెక్కినచో కారపు వాసన తగ్గునని తెలిసి, నడుమ నడుమ ఆపును. పట్టిన కారమును వెలుతురు తగులనీయక జాడీలో పెట్టుమని చెప్పి పంపును.

ఈ తెలివి ఏ పుస్తకములోను లేదు. ఆమె కారపుపొడిని పొట్లములుగ కట్టి హైదరాబాదునకు పంపదలచి, ‘మా కారానికి మంచి ప్రకటన రాసివ్వు’ అని యంత్రమును అడిగినచో, ‘స్వచ్ఛమైన, ఘుమఘుమలాడే, అమ్మమ్మ చేతి రుచి’ అని వ్రాయును. దేశములోని కారపుపొడి అంతయు ఆ మూడు మాటలతోనే అమ్ముడుపోవుచున్నది. అట్లుగాక, ఏ ఊరి చేనిలో పండిన ఏ రకము, ఏ నెలలో ఎండినది, ఎవరు తొడిమలు తీసిరి, తేజ ఎంత, చపాటా ఎంత, ఏ తేదీన పట్టినది, ఎన్ని నెలలు రంగు నిలుచును అను వివరములను తన మాటలలో ఫోనుకు చెప్పి, ‘ఇందులో ఒక్కటి గూడ కలుపక, తీయక, కొనువారికి అర్థమగునట్లు వ్రాయుము, ఇంగ్లీషులోను, హిందీలోను గూడ ఇయ్యుము’ అనినచో, అదే యంత్రము ఆమెకు నిజమైన సేవ చేయును. పొట్లము మీది ఆ నాలుగు పంక్తులను ఎంత పెద్ద కంపెనీయు వ్రాయలేదు. పది రాష్ట్రముల సరకును ఒక్క కుప్పలో కలుపు సంస్థకు ఏ కాయ ఎక్కడిదో చెప్పుటకు శక్తి యుండదు. చిన్నతనము ఇచ్చట లోపము కాక, నిదర్శనము చూపగల బలమగుచున్నది.

చపాటా అంటిని గనుక ఒక మాట. వరంగల్లు చపాటా మిరపకు 2025లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల సంస్థ దరఖాస్తు పెట్టుకొనగా, మన మహబూబాబాదు సమీపాన మల్యాలలోనున్న ఉద్యాన పరిశోధన కేంద్రము తోడ్పడినది. టమాటా మిర్చియని జనులు పిలుచు ఆ బొద్దుకాయ గుణములను కొలిచి, పండు ప్రదేశములను గీచి, ఆధారములు కూర్చి సమర్పించినందుననే చట్టము ఆ పేరునకు రక్షణ ఇచ్చినది. తెలిసినదానిని వ్రాతలో పెట్టినవారికి హక్కు చిక్కినది. మన గిర్నీ అక్కలును, మన చేనేత అన్నలును నేర్వవలసిన మొదటి పాఠము ఇదియే యని నేను గట్టిగ నమ్ముచున్నాను.

ఇంక పెంబర్తి. జనగామను ఆనుకొనియున్న ఆ గ్రామపు విశ్వకర్మలు కాకతీయుల కాలము నుండి రథములకు, ఆలయములకు ఇత్తడి తొడుగులు చేసినవారని ప్రసిద్ధి. వారి పనికి గూడ భౌగోళిక సూచిక గుర్తింపు కలదు. కాగితము మీద గీచిన ఆకృతిని ఇత్తడి రేకు మీదికి దించి, ఆ రేకును లక్కపరుపు మీద అంటించి, వెనుకనుండి ఉలితో మెల్లమెల్లగ కొట్టుచు ఉబ్బెత్తు తెచ్చి, రేకు బిరుసెక్కినప్పుడు కాల్చి మెత్తబరచి, మరల కొట్టి, చింతపండుతో తోమి మెరుగు పెట్టుదురు. ఇటీవల బొమ్మలు గీయు యంత్రములు వచ్చినవి. ‘పెంబర్తి దీపస్తంభము, నెమళ్ళతో’ అని అడిగినంతనే అరనిముసములో అద్భుతమైన చిత్రమును చూపును. కొనగోరువాడు ఆ చిత్రమును శిల్పికి చూపి, అచ్చముగ ఇట్లే కావలెననును. శిల్పి చూచి తల పంకించును. ఆ నెమలి మెడ అంత లోతుగ లేవవలెనన్న ఒక్క రేకులో సాధ్యము కాదు, చినిగిపోవును; విడిగ చేసి అతుకవలెను. ఆ ఈకల గీతలు అంత దగ్గరగ ఉన్నచో ఉలి మొన పట్టదు. చిత్రమునకు లోహపు గుణము తెలియదు, సుత్తి దెబ్బను ఎన్నడు ఎరుగదు. ఆ శిల్పి చిత్రమును త్రోసివేయవలసిన పనిలేదు. యంత్రముచే పది ఆకృతులు గీయించి, అందులో రేకునకు లొంగునవి ఏవో తాను ఎంచి, లొంగనివానిని ఏల విడిచినాడో గిరాకికి రెండు మాటలలో చెప్పినచో, ఆ రెండు మాటలే అతనిని అచ్చుపోసిన వస్తువు నుండి వేరుచేయును. చేతిపనియని అచ్చుసరకును అంటగట్టు ఈ రోజులలో, ఉలి పట్టిన చేయి ఆడుచుండగా తీసిన అర నిముసపు వీడియో చేయు మేలు ఎంత చక్కని యంత్రచిత్రమును చేయజాలదు.

రెండవ లక్షణము, తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుట, దీనివలన రాగల చేటును గూర్చి పరదేశపు ముచ్చట ఒకటి చెప్పవలెను. కెనడాలో ఒక ప్రయాణికుడు బంధువు మరణించినందున విమానపు టిక్కెట్టుకై ఎయిర్ కెనడా సంస్థవారి వెబ్‌సైటులోని సంభాషణ యంత్రమును సంప్రదించినాడు. మరణసందర్భపు రాయితీకి ప్రయాణము చేసిన పిమ్మట గూడ, టిక్కెట్టు జారీయైన 90 దినములలోపల దరఖాస్తు చేసికొనవచ్చునని అది చెప్పినది. అది సంస్థ నియమము కాదు. డబ్బు తిరిగి ఇయ్యబోమని సంస్థ పట్టుబట్టి, ఆ యంత్రము చెప్పినదానికి తాము బాధ్యులము కామని వాదించినది. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రైబ్యునలు ఆ వాదమును త్రోసిపుచ్చి, తన వెబ్‌సైటులోని ప్రతి సమాచారమునకు సంస్థయే బాధ్యత వహించవలెనని తేల్చి, నష్టపరిహారము ఇప్పించినది. అంతటి సంస్థ ఒక తప్పుమాటకు డబ్బు చెల్లించి బయటపడినది. మన ఎరువుల కొట్టులో అట్టి యంత్రము మిరపకు ఏ మందు ఎంత కలుపవలెనో తప్పు చెప్పినచో ఏమగును? రైతు చేను పోవును, కొట్టు పేరు పోవును, రెండును తిరిగిరావు. కావున నా సలహా సూటిగ చెప్పెదను. ధర, మోతాదు, గడువుతేది, వాపసు నియమము, అప్పు షరతు, ఈ విషయములలో యంత్రము నేరుగ గిరాకితో మాటలాడరాదు. అది చిత్తుప్రతి వ్రాయవచ్చును, పంపునది మనిషి. కొత్తగ చేరిన గుమాస్తా వ్రాసిన ఉత్తరమును సేటు చదువక సంతకము చేయునా?

యంత్రసలహా సక్రమముగ వాడినచో ఎంత మేలు చేయగలదో మన పొరుగునే చూచినాము. 2022లో తెలంగాణ ప్రభుత్వము, ప్రపంచ ఆర్థిక వేదిక, డిజిటల్ గ్రీన్ మున్నగు సంస్థలు కలిసి ఖమ్మము జిల్లాలో ‘సాగు బాగు’ పేర సుమారు 7,000 మంది మిరప రైతులతో ఒక ప్రయత్నము చేసినవి. నేలపరీక్ష, సెల్‌ఫోనుకు తెలుగులో సాగు సలహాలు, కంప్యూటరు కంటితో కాయ నాణ్యతను నిర్ణయించుట, కొనువారితో అనుసంధానము అందులో భాగములు. ఎకరము దిగుబడి 21 శాతము పెరిగినదనియు, పురుగుమందుల వాడకము 9 శాతము తగ్గినదనియు, మెరుగైన నాణ్యతవలన ధర 8 శాతము హెచ్చినదనియు నివేదికలు ప్రకటించినవి. ఇవి పథకమును నడిపినవారి లెక్కలు గనుక కొంత జాగ్రత్తతో చదువవలెనను మాట నిజమే. అయినను ఫలితము ఎక్కడనుండి వచ్చినదో గమనింపుడు. యంత్రము వెనుక ఆ చేని మట్టిని పరీక్షించిన కాగితము కలదు, ఆ జిల్లా పైరును ఎరిగిన మనుషులు కలరు. ఊరు పేరు లేని సలహాను యంత్రము చెప్పియుండినచో ఏ ఎకరములోను ఒక్క కాయ అదనముగ కాసియుండదు. కాయ నాణ్యతను రైతు ఎదుటనే కొలిచి చూపునట్టి పరికరము మార్కెట్టు యార్డులో స్థిరపడినచో, కమీషను ఏజెంటు పిడికెడు కాయలు చేతబట్టి పలికిన ధరకు తల ఊపవలసిన గతి రైతునకు తప్పును. ఆ ఒక్క కారణముచేతనైన ఈ విద్యను నేను ఆహ్వానించుచున్నాను.

కష్టము ఒకరిదైనప్పుడు ఫలము ఎవరిది అను మొదటి ప్రశ్నకు ఇప్పుడు దగ్గరగ వచ్చితిమి. కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లి రేవులో ఒక అభయశాసనము వేయించెను. తుపానుకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన ఓడల సరకునంతయు అంతకుముందటి పాలకులు బలాత్కారముగ గైకొనుచుండగా, నిర్ణీతమైన శుల్కము తప్ప మరేమియు తీసికొనమని ఆయన వర్తకులకు మాట ఇచ్చెను. సరకును రేవున దించినంతమాత్రమున అది రేవువాని సొత్తు కాదని ఏలికయే శాసించిన ఆ ఘట్టము మన చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైనది. నేడు మన వర్తకులు తమ గిరాకుల ఫోను నంబర్లు, ఖాతా పుస్తకపు ఫోటోలు, మిశ్రమపు పాళ్ళు, రవిక కత్తిరింపు కొలతలు తెలిసీ తెలియక ఏవేవో ఉచిత యాప్‌లలో దించుచున్నారు. కొన్ని ఉచిత సేవలు మనము వ్రాసినదానిని తమ యంత్రమునకు పాఠముగ వాడుకొనుట కలదు. సెట్టింగులలో వలదని చెప్పినగాని మానవు. గిరాకి పేరు, అప్పు, ఫోను నంబరు మన సొత్తు కాదు, ఆ మనిషి సొత్తు. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము గూడ అట్టి సమాచారముపై ఆ మనిషి హక్కులను గుర్తించినది. అప్పు పద్దులున్న పేజీని యంత్రమునకు చూపవలసివచ్చినచో పేర్లు కప్పి చూపుడు. మూడు తరముల పాళ్ళను, కొలతలను సొంత నోటుపుస్తకములో వ్రాసికొనుడు; ప్రకటనకు అవసరమైనంత మాత్రమే యంత్రమునకు ఇండు. గిరాకుల చిట్టాను ఒక్క యాప్‌లోనే ఉంచక, నెలకొకసారి కాగితము మీదికి దించుకొనుడు. ఆ యాప్ ఖాతా ఒక ఉదయము మూతపడినను, సాయంత్రమునకు కొట్టు నడువవలెను.

పొగడ్తలను గూర్చి గూడ హెచ్చరింపవలసియున్నది. వందమంది గిరాకులు మెచ్చుకొన్నట్లు వంద అభిప్రాయములను యంత్రము క్షణములో అల్లగలదు. అట్టి నకిలీ అభిప్రాయములను అరికట్టుటకే భారతీయ ప్రమాణముల సంస్థ 2022 నవంబరులో ఒక ప్రమాణమును వెలువరించినది. చట్టము మాట అటుంచుడు. పెద్దవంగర వంటి ఊరిలో ఎవరు ఏ కొట్టులో కొనుచున్నారో అందరికిని తెలియును. లేని గిరాకి పేరు పెట్టి పొగడుకొన్న కొట్టును ఊరు మరచిపోదు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పినందున నేను యంత్రమునకు విముఖుడనని తలంపవలదు. చిన్న వ్యాపారిని ఇన్నాళ్ళు వెనుకకు పట్టి ఉంచినది పనితనము లేకపోవుట కాదు, కాగితము. బ్యాంకు దరఖాస్తు ఇంగ్లీషులో, జీఎస్టీ నోటీసు ఇంగ్లీషులో, పరదేశపు కొనుగోలుదారు ఉత్తరము ఇంగ్లీషులో. ఆ గోడకు తలుపు పెట్టుట ఈ విద్యకు సాధ్యమైన పని. 2020లో ఆరంభమైన సూక్ష్మ ఆహారశుద్ధి సంస్థల పథకములో ప్రాజెక్టు వ్యయముపై 35 శాతము, 10 లక్షలకు మించకుండ, రుణముతో ముడిపడిన సబ్సిడీ ఏర్పరచిరి. అందుకు ప్రాజెక్టు నివేదిక కావలెను. ముద్ర పథకములో 50 వేల శిశు రుణమునకు గూడ వ్యాపారము ఏమో, ఆదాయమెంతో వ్రాసి చూపవలెను. మధ్యవర్తికి డబ్బిచ్చి వ్రాయించుకొన్న నివేదికలో ఏమున్నదో గిర్నీ అక్కకు తెలియదు. బ్యాంకు మేనేజరు గంటకు ఎన్ని కిలోలు పట్టుదువని అడిగినచో తడబడును. ఫోను ముందర కూర్చుండి, కరెంటు బిల్లు ఇంత, మర ధర ఇంత, వేసవిలో రోజుకు ఇన్ని కిలోలు, వానకాలములో ఇన్ని అని తెలుగులో తానే చెప్పి, నివేదిక వ్రాయించుకొని, దానిని మరల తెలుగులో చదివించుకొని వినినచో, మేనేజరు బల్ల ముందర ఆమె మాట స్థిరముగ ఉండును. అంకెలు ఆమెవి, ఇంగ్లీషు మాత్రమే యంత్రముది.

ఇందులకు యంత్రమునకు మన తెలుగు బాగుగ వినబడవలెను గదా. 2011 జనగణన ప్రకారము దేశములో తెలుగు మాతృభాషగ గలవారు ఎనిమిది కోట్లకు పైబడినవారు. అయినను యంత్రములు చదివిన వ్రాతలో తెలుగు పాలు అత్యల్పము. పైగా ఇంగ్లీషు మాటను ఒకటి రెండు తునకలుగ గ్రహించు యంత్రము తెలుగు మాటను పెక్కు తునకలుగ చీల్చి చదువును. అందువలన ఖర్చును హెచ్చు, పొరపాటును హెచ్చు. కేంద్రప్రభుత్వపు భాషిణి, మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ ఈ లోటును పూరించుటకు శ్రమించుచున్నవి. కాని గ్రాంథికములోనో, దినపత్రికల భాషలోనో మాటలాడువారు మన బజారులో ఎవరు? ‘తాలు ఎక్కువుంది, మల్ల ఎండబోసి తే’ అను అక్క మాట యంత్రమునకు తిన్నగ అందినప్పుడే తెలుగు దానికి వచ్చినదని నేను ఒప్పుకొందును. ఆ మాటలను సేకరించి ఇయ్యవలసినవారము మనమే. అయితే ఎవరికి, ఏ షరతు మీద ఇచ్చుచున్నామో తెలిసి ఇయ్యవలెను. అడుగకుండ కోసికొని పోవుట వేరు. ఊరు కూర్చుండి, ఒప్పుకొని, తన పేర ఇచ్చుట వేరు.

కావున ఈ సభలోనున్న వర్తక సంఘమువారికి, మహిళా సంఘముల అక్కలకు, కళాశాలలో చదువుకొను పిల్లలకు ఒక పనిని విన్నవించుచున్నాను. రాబోవు మిరప కాలము లోపల, ప్రతి గిర్నీ వద్దకు ఇద్దరు విద్యార్థులు వెళ్ళి, ఒక పూట కూర్చుండి, ఆ అక్క కాయను ఎట్లు చూచును, ఏమి అడుగును, ఏ పాళ్ళు ఏ పచ్చడికి కలుపును అను సంగతులను ఆమె మాటలలోనే రెండు వందల పేజీల నోటుపుస్తకములో వ్రాయవలెను. పుస్తకము ఆమె వద్దనే ఉండవలెను, అట్ట మీద ఆమె పేరే ఉండవలెను. అందులో బయటివారికి చెప్పదగినదేదో, ఇంటిలోనే ఉండవలసినదేదో ఆమెయే గీత గీయును. ఆ పిమ్మట ఫోను తెరచి, చెప్పదగినదానిని మాత్రము యంత్రమునకు వినిపించి, పొట్లము మీది మాటలను ఆమె ఎదుటనే వ్రాయించి, చదివి వినిపించి, ఆమె ఔననిన తరువాతనే అచ్చునకు ఇయ్యవలెను. గిర్నీల తరువాత కుట్టుమిషనులు, వాని తరువాత కొడకండ్ల మగ్గములు. మొదటి పుస్తకమునకు కావలసిన కాగితము, కలము ఖర్చు నేను భరించెదను. విద్యార్థుల పేర్లు సభానంతరము ఇచ్చటనే వ్రాసికొందుము.